చావుతో చల్లారని వైరం

2025 మే 21న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం నారాయణపూర్ జిల్లా అబూజ్‌మఢ్ అడవుల్లో జరిగిన ఎదురుకాల్పుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు సహా 27 మంది చనిపోయారు. భద్రతా బలగాల వైపునా ప్రాణం పోయింది. కేశవరావుది శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మండలం జియ్యన్నపేట. టెక్కలికి దగ్గరి పల్లె. ఆయన ఊరు విడిచి దశాబ్దాలు గడిచాయి. అయినా చావు కబురు తెలిశాక ఇంటివాళ్లు కోరింది ఒక్కటే: శవాన్ని మాకివ్వండి, ఊరికి తెచ్చుకుని దహనం చేసుకుంటామని. అందుకోసం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మెట్లెక్కారు. శవపరీక్ష పూర్తయ్యాక బంధువులకు అప్పగిస్తామని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం తరఫున చెప్పిన మాటను నమోదు చేసుకుని మే 24న న్యాయస్థానం ఆ పిటిషన్లను ముగించింది. మే 26న నారాయణపూర్‌లోనే, పోలీసుల చేతుల మీదుగా దహనం జరిగిపోయింది. జియ్యన్నపేటకు శవం రాలేదు.

కేశవరావు నడిపిన రాజకీయాలను సమర్థించడానికి ఈ ప్రస్తావన తేవడం లేదు. సాయుధ పార్టీకి సారథ్యం వహించిన మనిషి ఆయన. ఆ పార్టీ చేతిలో పోలీసులు, ఆదివాసులు, ప్రజాప్రతినిధులు ఎందరో చనిపోయారు. ప్రభుత్వం ఆ పార్టీతో పోరాడిన తీరుపై భిన్నాభిప్రాయాలు ఉంటాయి, ఉండాలి కూడా. కానీ తుపాకీ ఆగిపోయిన తర్వాత మిగిలేది ఒక శవం, ఒక కుటుంబం. ఆ రెండింటి మధ్య అడ్డు నిలబడే అధికారం రాజ్యానికి ఉందా అన్నదే ఇక్కడి ప్రశ్న. ఉండకూడదన్నది ఈ వ్యాసం వాదన. ఏడ్చుకునే హక్కు పౌరహక్కు. దాన్ని రాజ్యమైనా, పార్టీ అయినా, మతమైనా, కులమైనా తన గుప్పిట్లో పెట్టుకోవడం మొదలైతే అక్కడ వైరం తరతరాలకూ పాకుతుంది. కేశవరావు పుట్టిన శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరం ఎనభై ఏళ్లకు పైగా ఇదే పాఠం చెబుతున్నాయి.

ప్రభుత్వాల భయం, చరిత్ర జవాబు

శవాన్ని అప్పగిస్తే ఊరేగింపులు తీస్తారు, నినాదాలు చేస్తారు, రేపు స్తూపం కడతారు, ఆ స్తూపం చూసి మరో పది మంది అడవి దారి పడతారు. పోలీసు అధికారుల వాదన సారం ఇది. ఇందులో నిజం బొత్తిగా లేదనలేం. శవయాత్రలు రాజకీయ సభలైన సందర్భాలు ఉన్నాయి. అయితే ఊరేగింపును నియంత్రించడం వేరు, శవాన్నే ఇవ్వకపోవడం వేరు. మొదటిది శాంతిభద్రతల పని. దానికి చట్టంలో దారులున్నాయి. రెండోది శిక్ష. చనిపోయినవాడికి శిక్ష వేయలేరు కాబట్టి అది బతికున్న కన్నవాళ్లకూ తోబుట్టువులకూ పడుతుంది. వాళ్లు చేసిన నేరం ఏమీ లేదు.

శవాన్ని దాచిపెడితే జ్ఞాపకం చెరిగిపోతుందనుకోవడం పాలకుల పాత పొరపాటు. 1931 మార్చి 23 రాత్రి భగత్‌సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌ల దేహాలను బ్రిటిషు వాళ్లు జనం కంటపడకుండా సట్లెజ్ ఒడ్డున హుస్సేనీవాలా దగ్గర దహనం చేయించారు. ఇప్పుడు అక్కడే జాతీయ స్మారకం ఉంది. మన అల్లూరి సీతారామరాజును 1924 మే 7న కాల్చి చంపినప్పుడు నాటి ప్రభుత్వం దృష్టిలో ఆయన పితూరీదారు. కృష్ణదేవిపేటలోని ఆ సమాధికి ఇప్పుడు మంత్రులు పూలమాలలు వేస్తున్నారు. 2022 జూలైలో భీమవరంలో ఆయన 125వ జయంతికి ప్రధానమంత్రే వచ్చారు. భగత్‌సింగ్, అల్లూరిల పక్కన కేశవరావును నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఎవరిని ఎలా తలచుకోవాలో భావితరాలు తమంతట తాము తేల్చుకుంటాయి. ఆ తీర్పును ఒక జిల్లా ఎస్పీ చితి దగ్గరే రాసేయలేరు.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన గౌరవం మనిషి మరణించాక అతడి దేహానికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1995లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. దిక్కూమొక్కూ లేకుండా వీధుల్లో చనిపోయినవారికి సైతం వారి మతాచారం ప్రకారం మర్యాదగా అంత్యక్రియలు జరగాలని 2002లో ఆశ్రయ్ అధికార్ అభియాన్ కేసులో గుర్తుచేసింది. ఎన్‌కౌంటర్ మరణాలపై 2014లో పీయూసీఎల్ కేసులో ఇచ్చిన మార్గదర్శకాలైతే ఇద్దరు వైద్యులతో శవపరీక్ష, దానికి వీడియో చిత్రీకరణ, మేజిస్ట్రేటు విచారణ, సమీప బంధువులకు వీలైనంత త్వరగా సమాచారం తప్పనిసరి చేశాయి. కానీ శవాన్ని ఎన్ని గంటల్లో, ఎవరి చేతికి, ఏ పద్ధతిలో అప్పగించాలన్న నియమం వాటిలో లేదు. జియ్యన్నపేట కుటుంబం చిక్కుకుపోయింది ఈ సందులోనే.

ధర్మం చెప్పిన హద్దు

మతం మాట ఎత్తితే ఈ రోజుల్లో గొడవే ముందు గుర్తుకొస్తోంది. కానీ మన మతాలన్నీ ఒక దగ్గర కలుస్తాయి. అది శవం దగ్గర. రావణుడు కూలిపోయాక అన్నకు సంస్కారం చేయడానికి విభీషణుడు వెనకాడతాడు. అధర్మపరుడికి తాను కర్మ చేయడమేమిటని అతడి సంకోచం. వైరం మరణంతో సరి, ఇతడు నీకెంతో నాకూ అంతే, చేయవలసింది చెయ్యి అని రాముడే అతణ్ని ఒప్పిస్తాడు. తన భార్యను అపహరించినవాడి విషయంలో అన్న మాట అది. ఇంతకన్నా గట్టి శత్రుత్వం ఏ ప్రభుత్వానికి ఏ తిరుగుబాటుదారుతో ఉంటుంది?

భారతంలో స్త్రీపర్వం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. కురుక్షేత్రంలో పడిపోయినవారందరికీ, కౌరవ పక్షమా పాండవ పక్షమా అని చూడకుండా, నా అన్నవారు లేని సైనికులకు సైతం దహన సంస్కారాలు జరిపించాలని ధర్మరాజు ఆజ్ఞాపిస్తాడు. విదురుడు, సంజయుడు, యుయుత్సుడు దగ్గరుండి ఆ పని చేయిస్తారు. ఆ తర్వాత గంగ ఒడ్డున తిలోదకాలు వదిలే వేళ కుంతి నోరు విప్పుతుంది. కర్ణుడికీ నీళ్లు వదలండి, అతడు మీ అన్న అని. యుద్ధమంతా శత్రువుగా చూసినవాడు మనవాడేనని తెలిసింది సంస్మరణ వేళలోనే. ఆ తర్పణమే జరగకపోతే ఆ నిజం కుంతితోనే పోయేది. శత్రువు చావును కూడా తలచుకోనివ్వాలన్న నియమం వెనక ఉన్న ఎరుక ఇదే.

ఇస్లాంలో జనాజా నమాజు సమాజం మొత్తం మీద ఉన్న బాధ్యత. కొందరైనా దాన్ని నెరవేర్చకపోతే ఆ పాపం అందరికీ చుట్టుకుంటుంది. చనిపోయినవారిని పూడ్చిపెట్టడాన్ని కతోలిక క్రైస్తవం కరుణ కార్యాల్లో ఒకటిగా లెక్కిస్తుంది. నవంబరు 2న సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించుకునే కుటుంబాలు మన జిల్లాలోనూ ఉన్నాయి. ఉత్తరాంధ్రలో సంక్రాంతి అంటేనే పెద్దల పండుగ. కొత్త బట్టలు, వండిన పిండివంటలు ముందు పెద్దలకు పెట్టుకుని ఆ తర్వాతే ఇంటివాళ్లు ముట్టుకుంటారు. పోయినవాడు బతికి ఉండగా ఎలాంటివాడన్న విచారణ ఆ పీట ముందు జరగదు. తాగుబోతు తండ్రికీ పెడతారు, ఊరు విడిచిపోయిన కొడుక్కీ పెడతారు. అనాథ ప్రేతానికి సంస్కారం చేస్తే యజ్ఞం చేసినంత ఫలమని చెప్పుకునే నేల ఇది. నా అన్నవాళ్లు ఆసుపత్రి వాకిట ఎదురుచూస్తుండగా ఒక మనిషిని అనాథను చేసి కాల్చడం ఈ నేల నేర్పిన ధర్మానికి విరుద్ధం.

ఉద్దానం దారుల్లో స్తూపాలు

పలాస నుంచి మందస, సోంపేటల వైపు వెళ్లినా, వజ్రపుకొత్తూరు మీదుగా సముద్రం వైపు వెళ్లినా, టెక్కలి నుంచి సంతబొమ్మాళి దిగినా కొబ్బరి, జీడి తోటల మధ్య చావు గుర్తులు కనబడతాయి. ఒక్కోటి ఒక్కో కాలానిది.

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్ అప్పటికే అరెస్టయ్యారు. బారువలో పుట్టిన గౌతు లచ్చన్న వంటివారు ఆ సభకు వెన్నెముక. అది ముగిసిన రోజుల వ్యవధిలోనే, ఏప్రిల్ 1న, మందస జమీందారీ అడవి కట్టెల తగాదాలో రైతులను అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసులు గుడారి రాజమణిపురంలో కాల్పులు జరిపారు. అడ్డు నిలిచిన సాసుమాన గున్నమ్మ, మరో నలుగురు ప్రాణాలు విడిచారు. గున్నమ్మ అప్పుడు గర్భవతి. ఆనాటి ప్రభుత్వానికి ఆమె విధులకు ఆటంకం కలిగించిన ఆడమనిషి. ఈనాడు ఆమె వీర గున్నమ్మ. అన్ని పార్టీల వాళ్లూ ఆమెకు దండం పెడతారు.

1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర గిరిజనులు కోరన్న, మంగన్న భూస్వాముల మనుషుల కాల్పుల్లో చనిపోయారు. అక్కడ రాజుకున్న శ్రీకాకుళ సాయుధ పోరాటపు నిప్పు ఉద్దానానికి పాకింది. 1969 మే 27న పంచాది కృష్ణమూర్తి, ఆయనతో ఉన్న యువకులు పోలీసుల చేతిలో మరణించారు. అదే ఏడాది డిసెంబరు 22న రంగమటియా కొండల్లో పంచాది నిర్మల, సుబ్బారావు పాణిగ్రాహి నేలకొరిగారు. 1970 జూలై 10న నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసంల మరణంతో ఆ ఘట్టం దాదాపు ముగిసింది. పాణిగ్రాహి ఒడియా ఇంట పుట్టి తెలుగులో పాటలల్లి, జముకుల కథ కట్టి ఊరూరా చెప్పించినవాడు. పలాస దగ్గరి బొడ్డపాడు శివాలయంలో ఆయన పూజారి. శివుడికి అభిషేకం చేసిన చేతులే తర్వాత తుపాకీ పట్టాయి. ఆ ఊరు తన బిడ్డలను పలువురిని పోగొట్టుకుంది. బొడ్డపాడులో అమరుల స్మారకం ఉంది. అక్కడ ఏటా సభలు జరుగుతాయి. ఆ సభలకు వచ్చే ముసలి అక్కచెల్లెళ్లలో, మేనల్లుళ్లలో అందరూ విప్లవవాదులేమీ కారు. వాళ్లకు అది తమవాళ్లను తలచుకునే చోటు.

2010 జూలై 14న సోంపేట బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న రైతులు, మత్స్యకారుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో అదే జరిగింది.  ఆ రెండు చోట్లా చనిపోయినవారు ఏ పార్టీ సైన్యమూ కాదు. తమ నీళ్లు, తమ చేపలు, తమ పొలాలు కాపాడుకోవాలని వచ్చినవాళ్లు. వారి పేర్లు ఇప్పుడు స్థానికులకు తప్ప రాష్ట్రంలో ఎందరికి గుర్తున్నాయి?

ఇదే ఉద్దానం నుంచి ఏటా వందలాది మంది యువకులు సైన్యంలోకి, కేంద్ర పోలీసు బలగాల్లోకి వెళుతున్నారు. కాశ్మీరంలో, ఈశాన్యంలో, బస్తర్‌లో డ్యూటీ చేస్తున్నారు. జాతీయ జెండా చుట్టిన శవపేటిక ఊళ్లోకి వచ్చిన రోజు ఈ పల్లెలకు కొత్త కాదు. 2025 నవంబరులో మారేడుమిల్లి అడవుల్లో చనిపోయిన మావోయిస్టుల్లో వజ్రపుకొత్తూరు మండలం బాతుపురానికి చెందిన మెట్టూరు జోగారావు కూడా ఉన్నారు. అంటే తుపాకీకి రెండు వైపులా ఈ తీరం బిడ్డలే నిలబడ్డారు. ఒకరి తల్లికి గౌరవ వందనం, మరొకరి తల్లికి కోర్టు మెట్లు. గౌరవ వందనం అందరికీ ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. శవాన్ని మాత్రం అందరికీ ఇవ్వాలి.

తలచుకోని చావుల లెక్క

ఇదే నియమం సాయుధ పార్టీల వైపు వారికీ వర్తిస్తుంది. స్తూపాల మీద చెక్కని పేర్లు చాలా ఉన్నాయి. శ్రీకాకుళ పోరాట కాలంలో వర్గశత్రు నిర్మూలన పేరుతో భూస్వాములను, వడ్డీ వ్యాపారులను ఇళ్లలోంచి లాగి చంపారు. వారిలో కొందరు నిజంగానే పీడకులు. అయినా వారికీ భార్యాబిడ్డలు ఉన్నారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఇన్‌ఫార్మర్ అన్న ఒక్క ముద్రతో ఎందరో గిరిజనులు ప్రజాకోర్టుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో లాంచీ మీద మావోయిస్టులు జరిపిన దాడిలో 38 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ పోలీసుల ప్రత్యేక దళం గ్రేహౌండ్స్ వారు. నీళ్లలోంచి శవాలను వెలికితీయడానికి రోజులు పట్టింది. 2018 సెప్టెంబరు 23న అరకు ప్రాంతంలో శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమను పట్టపగలు కాల్చి చంపారు. ఇద్దరూ గిరిజనులే.

అమరుల సభల్లో ఈ మరణాల ప్రస్తావన రాదు. అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం నాడు జిల్లా కేంద్రాల్లో గిరిజన మృతుల ప్రస్తావన రాదు. ఎవరి స్తూపం వారిది, ఎవరి దండ వారిది. తమవాళ్ల చావు త్యాగం, ఎదుటివాళ్ల చావు లెక్క అనుకోవడం రెండు పక్షాలకూ అలవాటైంది. శవం అప్పగించలేదని ప్రభుత్వాన్ని నిలదీసే హక్కుల సంఘాలు, ఇన్‌ఫార్మర్ పేరుతో చంపిన గిరిజనుడి కుటుంబం గుమ్మం దగ్గరా అదే గొంతుతో నిలబడాలి. అప్పుడే ఆ గొంతుకు బరువు వస్తుంది. సంతాపం హక్కు అని నమ్మినవాళ్లు దాన్ని ముందుగా తమకు నచ్చనివారికి ఇవ్వగలగాలి.

విగ్రహం కోసం తగవు

తలచుకోవడం ఆస్తి హక్కుగా మారితే ఏమవుతుందో 2020-21 చలికాలంలో ఈ ప్రాంతమే చూసింది. 2020 డిసెంబరులో పలాసలో గౌతు లచ్చన్న విగ్రహం చుట్టూ అధికార, ప్రతిపక్ష పార్టీల మధ్య ఉద్రిక్తత రేగింది. ఉప్పు సత్యాగ్రహం నుంచి క్విట్ ఇండియా దాకా జైళ్లకు వెళ్లి, రైతుల కోసం, వెనుకబడిన కులాల కోసం బతుకంతా నిలబడిన మనిషి లచ్చన్న. ఆయనది ఏ ఒక్క పార్టీ వారసత్వమూ కాదు. ఆయన విగ్రహం ముందు పోలీసులను మోహరించాల్సి రావడం ఆ స్మృతికి జరిగిన అవమానం.

ఆ నెలలే ఆంధ్రప్రదేశ్‌లో దేవాలయాల మీద దాడుల కాలం కూడా. అంతకుముందే, 2020 సెప్టెంబరులో, అంతర్వేదిలో ఆలయ రథం తగలబడింది. డిసెంబరు చివర్లో విజయనగరం జిల్లా రామతీర్థం బోడికొండ మీద కోదండరాముడి విగ్రహం తల నరికారు. భక్తుల గుండెలు మండడం న్యాయం. దోషులను పట్టి శిక్షించడం ప్రభుత్వ విధి. కానీ ఆ బాధను ఎవరికివారు ఓట్ల లెక్కలో వేసుకున్నారు. నేరం ఎవరిదో తేలకముందే కొన్ని మతాల మీద వేళ్లు చూపినవారున్నారు. 2021 జనవరిలో ఆ సెగ సంతబొమ్మాళికీ తగిలింది. పాలేశ్వరస్వామి ఆలయానికి చెందిన నంది విగ్రహాన్ని కూడలిలోని దిమ్మె మీదికి చేర్చడం పెద్ద రాజకీయ వివాదమైంది. ప్రతిపక్ష నాయకుల మీద, విలేకరుల మీద కూడా కేసులు పడ్డాయి. శివుడి ఎదుట మౌనంగా ఉండాల్సిన నంది రెండు పార్టీల మధ్య సాక్షిగా మిగిలింది.

నాయకుడి విగ్రహమైనా, దేవుడి విగ్రహమైనా, అమరుల స్తూపమైనా అది నిలబడ్డ జాగా ఎవరిదన్న తగవు మొదలైతే దాని వెనకున్న మనిషి, దాని వెనకున్న భక్తి వెనక్కి పోతాయి. ప్రజల రోడ్ల మీద, కాలిబాటల మీద కొత్త విగ్రహాలకు అనుమతులు ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే చెప్పింది. ఆ ఆదేశాన్ని అన్ని పార్టీలూ పక్కన పెట్టాయి. దేవుడికి కట్టడాల ఆడంబరం అక్కర్లేదని చెప్పడానికి ఈ నేలకు ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. టెక్కలి దగ్గరి రావివలసలో ఎండల మల్లికార్జునుడు పైకప్పు లేకుండా ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉంటాడు. కార్తీక సోమవారాలకు అక్కడికి జనం వేలల్లో వస్తారు. భక్తికి కావలసింది భద్రమైన దారి, మనసుకు నెమ్మది.

పూడ్చే చోటు లేని చావు, లెక్క తేలని చావు

రాజ్యమే కాదు, ఊరు కూడా శవానికి అడ్డుపడుతుంది. కేశవరావు చనిపోవడానికి నాలుగు నెలల ముందు అదే బస్తర్ ప్రాంతం నుంచి మరో కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ఛిందావాడా అనే గ్రామంలో ఒక క్రైస్తవ పాస్టర్ చనిపోతే ఊరి శ్మశానంలో పూడ్చడానికి గ్రామస్థులు ఒప్పుకోలేదు. కన్నకొడుకు కోర్టు చుట్టూ తిరుగుతుండగా శవం మూడు వారాలు మార్చురీలోనే ఉంది. 2025 జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాల తీర్పులు రాశారు. సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలని జస్టిస్ బి.వి. నాగరత్న అన్నారు. నిర్దేశించిన క్రైస్తవ శ్మశానంలోనే జరగాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. శవం ఇంకా ఆగకూడదన్న కారణంతో చివరకు ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని శ్మశానంలో పూడ్చిపెట్టమన్నారు. సొంత ఊళ్లో ఆరడుగుల నేల దొరకకపోవడానికి అతడు చేసిన నేరం క్రైస్తవుడు కావడమే. మన దళిత వాడల్లో శ్మశానానికి దారి లేక కాలవలోంచి, పొలం గట్ల మీదుగా పాడె మోసుకెళ్లే కుటుంబాలకు ఈ అవమానం కొత్తగా చెప్పనక్కర్లేదు.

చావు తర్వాత మరచిపోవడం ఇంకో రకం అన్యాయం. 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి శనివారం, పలాస-కాశీబుగ్గలోని వేంకటేశ్వరస్వామి ఆలయంలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. పక్క మండలాల నుంచి దీపం పెట్టుకోవడానికి వచ్చినవాళ్లు. అది ప్రైవేటు ఆలయం, దేవదాయ శాఖ పరిధిలో లేదన్న వివరణ అదే రోజు వచ్చింది. పరిహారం ప్రకటించారు. కెమెరాలు వెళ్లిపోయాయి. గుడి ఎవరిదైనా అక్కడికి వచ్చే జనం ఈ రాష్ట్ర పౌరులే. ఆ తొమ్మిది మందికి నిజమైన నివాళి ఒక్కటే: రాకపోకలకు వేర్వేరు దారులు, గట్టి రెయిలింగులు, జనం లెక్క, ముందస్తు అనుమతి, అక్కడ ఒక వైద్య బృందం లేకుండా ఏ ఆలయంలోనూ, ఏ సభలోనూ, ఏ ప్రార్థనా కూటమిలోనూ రద్దీని అనుమతించకపోవడం. ఇది జరగకపోతే మళ్లీ ఇంకో కార్తీకంలో ఇంకో ఊరు ఏడవాల్సి వస్తుంది.

ఇతరులు నడిచిన దారి

ఈ చిక్కుముడి మనకు మాత్రమే వచ్చింది కాదు. ఉత్తర ఐర్లాండ్‌లో కతోలిక, ప్రొటెస్టెంటు వర్గాల మధ్య మూడు దశాబ్దాలు నెత్తురు పారింది. ఐఆర్ఏ తదితర సాయుధ దళాలు కొందరిని ద్రోహులని ముద్రవేసి చంపి, శవాలను బురద నేలల్లో దాచేశాయి. 1998 ఒప్పందం తర్వాత, 1999లో, బ్రిటన్, ఐర్లాండ్ ప్రభుత్వాలు కలిసి ఆ శవాల జాడ వెతికే స్వతంత్ర కమిషన్‌ను చట్టం చేసి పెట్టాయి. సమాచారం ఇచ్చినవారి మాటను వారిపై సాక్ష్యంగా వాడబోమని హామీ ఇచ్చాయి. శిక్ష కన్నా తల్లికి బిడ్డ ఎముకలు దక్కడం ముఖ్యమని రెండు దేశాలు ఒప్పుకున్నాయి. దాచిన శవాల్లో చాలావరకు దొరికాయి.

శ్రీలంక అందుకు ఎదురు దారిలో నడిచింది. యుద్ధం ముగిశాక ఎల్‌టీటీఈ సమాధి తోటలను సైన్యం చదును చేసింది. అక్కడ పూడ్చినవారి తల్లిదండ్రులు ఇప్పటికీ నవంబరు 27న ఆ నేల మీదికే వచ్చి దీపాలు పెడుతున్నారు. కోవిడ్ కాలంలో ఆ దేశమే ముస్లింల శవాలను వారి మతానికి విరుద్ధంగా బలవంతంగా దహనం చేయించింది. 2021లో ఆ విధానాన్ని వెనక్కి తీసుకుంది. 2024లో క్షమాపణ చెప్పింది.

తెలుగు నేల మీదనే ఒక ఉదాహరణ ఉంది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల సభ మీద పోలీసు కాల్పులు జరిగాయి. అధికారిక లెక్క 13. హక్కుల సంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు. అక్కడ కట్టిన స్తూపం ఒకసారి ధ్వంసమై మళ్లీ లేచింది. దశాబ్దాల పాటు ఆ తేదీ వస్తే ఆంక్షలు, నాకాబందీలు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ముఖ్యమంత్రి స్వయంగా వెళ్లి ఆ స్తూపం దగ్గర నివాళి అర్పించారు. దానివల్ల ప్రభుత్వం కూలిపోలేదు, అడవిలో కొత్త తుపాకీ మొలవలేదు.

చేయవలసినవి

మావోయిస్టు సమస్యకు 2026 మార్చి 31 గడువు అని కేంద్రం ప్రకటించి దాడులను ముమ్మరం చేసింది. పోరు ఏ తేదీన ముగిసినా దాని శవాలు, దాని దుఃఖం మిగిలే ఉంటాయి. వాటితో మర్యాదగా వ్యవహరించడమే ముందున్న పని.

ఎన్‌కౌంటర్‌లో, నిర్బంధంలో, పోలీసు కాల్పుల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి దేహాన్ని శవపరీక్ష ముగిసిన వెంటనే, నిర్ణీత గంటల్లో సమీప బంధువులకు అప్పగించాలని చట్టం రావాలి. ఇవ్వలేకపోతే కారణాన్ని మేజిస్ట్రేటు రాతపూర్వకంగా నమోదు చేసి, ఆ ఉత్తర్వును సవాలు చేసే వ్యవధి కుటుంబానికి ఇవ్వాలి. వేరే రాష్ట్రంలో చావు జరిగితే సొంత రాష్ట్ర ప్రభుత్వం ఒక అధికారిని తోడు పంపాలి. ఊరేగింపు మీద, ఆయుధాల మీద, రెచ్చగొట్టే మాటల మీద షరతులు పెట్టవచ్చు. దహనం మీద, దినకర్మ మీద, సంతాప సభ మీద పెట్టకూడదు.

శ్రీకాకుళం జిల్లాకు ఒక స్మృతి గ్రంథం కావాలి. గున్నమ్మతో మొదలుపెట్టి, 1967-70 నాటి గిరిజనులు, రైతులు, యువకులు, వారి చేతిలో చనిపోయినవారు, పోలీసులు, జవాన్లు, సోంపేట, కాకరాపల్లి మృతులు, కాశీబుగ్గ భక్తులు, అందరూ అందులో ఉండాలి. ఎవరు ఎలా చనిపోయారన్నది దాచకుండా, ఎవరినీ తూలనాడకుండా రాయాలి. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఊరూరా తిరిగి ముసలివాళ్ల నోటి మాటలు సేకరిస్తే ఆ పని సాధ్యమే. సాక్షులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు కాబట్టి ఆలస్యం చేయకూడదు.

ప్రతి మండలంలో ప్రతి మతానికీ, ప్రతి కులానికీ దారి ఉన్న శ్మశానం ఉండాలి. అది దాతృత్వం అనిపించుకోదు, పంచాయతీ కనీస బాధ్యత. విగ్రహాల జాగాలను పార్టీ కార్యాలయాలు తేల్చే పద్ధతి పోయి గ్రామసభలు, మున్సిపాలిటీలు సుప్రీంకోర్టు ఆదేశానికి లోబడి తేల్చాలి. కాశీబుగ్గ ఘటన విచారణలో తేలినదంతా జనం ముందు పెట్టాలి.

వీటిలో ఏదీ ఖజానాను ఖాళీ చేసే పని కాదు. కావలసింది ఒక ఒప్పుకోలు: చనిపోయిన మనిషి మన వాదనలకు అందనంత దూరం వెళ్లిపోయాడని, ఇక మిగిలింది అతడి ఇంటివాళ్లని. సాయుధ పార్టీని ఓడించగల ప్రభుత్వానికి దాని నాయకుడి శవాన్ని చూసి భయపడాల్సిన అవసరం లేదు. తన బిడ్డను తన ఊళ్లో సాగనంపుకున్న తల్లి కడుపులో పగ కన్నా దుఃఖమే ఎక్కువ మిగులుతుంది. దుఃఖం కాలంతో పలచబడుతుంది. శవాన్ని పోగొట్టుకున్న ఇంట్లో పగ మాత్రం పిల్లలకు వారసత్వంగా దక్కుతుంది. ఉద్దానం పిల్లలకు ఆ వారసత్వం ఇవ్వకూడదనుకుంటే, తుపాకీ ఎవరిదైనా, జెండా ఎవరిదైనా, శవాన్ని ఇంటికి పంపడం మొదలుపెట్టాలి.